వెనక కిటికీ అద్దమేగా అనుకోకండి!

ఇంట్లో అద్దం పగిలితే అపశకునం అంటారు పెద్దవాళ్లు. బండి అద్దం పగిలితే మాత్రం శకునాల దాకా వెళ్లే తీరిక ఎక్కడుంటుంది? గాజుముక్కలు ఏరాలి, షాపు వెతకాలి, ఆ పైన డబ్బు లెక్కలు. అదీ ముందుండే పెద్దద్దమైతే ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. వెనక పక్కన, డిక్కీకి కాస్త ఇవతల ఉండే చిన్నద్దం పగిలిందనుకోండి... "అదేముంది, ఓ కవరు అంటించెయ్యి, తర్వాత చూద్దాం" అనేస్తారు మగవాళ్లు. ఆ కవరు పక్కన కూర్చునేది ఎవరు? పిల్లలూ, అత్తగారూ, చోటు చాలనప్పుడు మనమూ! అందుకే ఈ అద్దం సంగతి మనం కూడా తెలుసుకుని ఉండాలంటాను.

షాపుల్లో దీన్ని క్వార్టర్ గ్లాసు అంటారు. తలుపులోకి దిగే అద్దం కాదిది, చాలావరకు కదలకుండా బాడీకే అతికి ఉంటుంది. ఏడు సీట్ల బండ్లలో మూడో వరసకి పక్కగా పొడుగ్గా ఉంటుంది. డబుల్ క్యాబిన్ ట్రక్కుల్లో వెనక సీటు పక్కన ఉంటుంది. డ్రైవరు వెనక్కి తిరిగి పక్కగా ఏం వస్తోందో చూసుకునేది కూడా ఇందులోంచే. కవరు అంటిస్తే ఆ చూపు పోయినట్టే.

మా బండిది పోయినేడాది ఒక పెళ్లిలో పోయింది. ఫంక్షన్ హాల్లో చోటు లేక రోడ్డు పక్కన పెట్టాం. అక్షింతలు వేసి, భోజనాలు చేసి వచ్చేసరికి వెనక సీటు నిండా పటికబెల్లం పలుకుల్లా గాజు! మా అమ్మాయి ట్యూషన్ సంచి పోయింది. అందులో రెండు లెక్కల నోటు పుస్తకాలు, ఒక జామెట్రీ బాక్సు. తీసుకెళ్లినవాడి మొహం ఎలా అయిందో చూడాలని ఉంది నాకు. సంచి కనబడేలా ఉంటే చాలు, అందులో ఏముందో వాడికేం తెలుస్తుంది పాపం. మర్నాడే మావారికి క్యాంపు. "నేను వచ్చాక చూద్దాంలే" అన్నారు. అప్పుడు వానాకాలం. నేను ఆగలేదు.

అతుకు పడని గాజు

ముందద్దానికి రాయి తగిలితే సాలెగూడులా చీలినా అక్కడే నిలబడి ఉంటుంది, గమనించారా? రెండు గాజు పలకల మధ్య సన్నటి ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన అద్దం అది. చిన్న దెబ్బయితే ఏదో ద్రవం నింపి సరిచేస్తారు కూడా. పక్కద్దాలు చాలా బండ్లలో వేరే రకం. టఫెన్డ్ గ్లాసు అంటారు. గాజుని 600 డిగ్రీలు దాటేదాకా వేడిచేసి, రెండు వైపులా గాలి కొట్టి గబుక్కున చల్లారుస్తారు. పైభాగం ముందు గట్టిపడుతుంది, లోపలిది తర్వాత నెమ్మదిగా చల్లారుతూ పైపొరని బిగించి పట్టుకుంటుంది. ఆ బిగువు వల్లే మామూలు గాజు కంటే ఎక్కువ దెబ్బకి ఓర్చుకుంటుంది. కానీ ఒక్కచోట బీట లోపలికి దిగిందా, బిగువంతా ఒకేసారి వదిలి అద్దం మొత్తం పలుకులైపోతుంది. కత్తుల్లాంటి పెంకులు కాకుండా పలుకులు కావడమే దీని మంచితనం.

అందుకని ఈ అద్దానికి అతుకు వెయ్యడం కుదరదు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. ఒకసారి తయారయ్యాక ఈ అద్దాన్ని కొయ్యలేరు, రంధ్రం పెట్టలేరు. అలా చెయ్యబోతే చేతిలోనే పొడైపోతుంది. ఫ్యాక్టరీలోనే మీ బండి కొలతకి కోసి, వంపు తిప్పి, ఆ తర్వాతే గట్టిపరుస్తారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే... మా వెనక వీధిలో ఒకమ్మాయి ఉంది, నన్ను అక్కా అని పిలుస్తుంది. వాళ్లకి డబుల్ క్యాబిన్ ట్రక్కు ఉంది. కూరగాయలు తోలతారు, వెనక సీట్లో కూలీలు వస్తారు. సరుకు దించుతుంటే గడకర్ర తగిలి వెనక పక్కద్దం పోయింది. బండి ఒకరోజు ఆగితే ఒకరోజు కిరాయి పోతుంది, నెల తిరిగేసరికి కిస్తు కట్టాలి. రెండు నెలలు పాలిథిన్ కవరుతోనే నడిపారు. చివరికి ఒక షాపులో "ఒరిజినల్ ఎందుకమ్మా, కొలత తీసుకుని ఇక్కడే గ్లాసు కోసి బిగించేస్తా, సగం డబ్బుల్లో అయిపోతుంది" అన్నారట. ఆ పిల్ల సంతోషంగా వచ్చి నాతో చెప్పింది.

ఇక్కడే కోసి ఇస్తాం అన్నారంటే అది టఫెన్డ్ కాదనే కదా అర్థం! రెండు పొరల అద్దమైనా కావాలి, లేదా మన ఇంటి కిటికీకి వేసే మామూలు గాజైనా కావాలి. రెండు పొరలదైతే అంచు వైపు నుంచి చూస్తే మధ్యలో పొర గీతలా కనిపిస్తుంది. సగం డబ్బులకి అది రాదు. మామూలు గాజు పగిలితే పొడుగాటి పెంకులు ఊడతాయి. తెల్లారుజామున మార్కెట్ నుంచి వచ్చేటప్పుడు ఆ అద్దానికి తల ఆనించి నిద్రపోయే కూలీ ఆడమనిషి ఉంటుంది. ఆమె మెడ పక్కన ఆ గాజు! "నీ సొంత అక్క కూర్చుంటే పెట్టిస్తావా?" అని అడిగాను. కాస్త గట్టిగానే అన్నాను. వాళ్లాయన రెండు ట్రిప్పుల డబ్బు పక్కన పెట్టి విజయవాడ ఆటోనగర్ వెళ్లి సరైనదే తెచ్చి వేయించాడు. ఆ రెండు ట్రిప్పులూ వాళ్లింట్లో చిన్న లెక్క కాదు, నాకు తెలుసు.

కొనేటప్పుడు అద్దం మూల చూడండి. తయారీదారు పేరు, ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అన్న నంబరు అచ్చువేసి ఉంటాయి. ఏఐఎస్, సెయింట్ గోబైన్ వంటి పేర్లు మన బండ్ల మీద తరచు కనబడతాయి. పోలరాయిడ్ కళ్లద్దాలుంటే వాటితో ఎండలో చూడండి. టఫెన్డ్ అద్దం మీద చాలాసార్లు మసక మచ్చలు వరసగా కనిపిస్తాయి. గాలి కొట్టి చల్లార్చిన గుర్తులవి. మరీ నల్లటి అద్దం ఇస్తానంటే ఒప్పుకోకండి. పక్కద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుగు రావాలని మోటారు వాహనాల నిబంధనలు చెప్తున్నాయి.

షాపుకి వెళ్లేముందు

పగిలిన వెంటనే మొదటి పని ఫోటోలు తియ్యడం. బయటి నుంచి, లోపలి నుంచి, నంబరు ప్లేటు కనబడేలా కూడా. దొంగతనమైతే పోలీసు స్టేషన్లో కంప్లయింటు ఇచ్చి కాగితం తీసుకోండి. బీమా అడగాలనుకుంటే, బాగు చేయించక ముందే కంపెనీకి చెప్పాలి. బిగించేశాక చెబితే పేచీ పెడతారు.

తర్వాత ఊడ్పు. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి, చేతులకి మందపాటి గ్లౌజులు. పలుకులు కత్తుల్లా ఉండకపోయినా అంచులు కోస్తాయి, కంటికి కనపడని రవ్వలు గుచ్చుకుంటాయి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. పగిలి ఇంకా ఫ్రేములోనే వేలాడుతున్న అద్దమైతే, బయటివైపు వెడల్పాటి టేపు అడ్డంగా నిలువుగా అంటించి అప్పుడు బండి కదపండి. పెద్ద ముక్కలు ఏరాక వాక్యూమ్ క్లీనరు పెట్టండి. రవ్వల కోసం నేను చపాతీపిండి ముద్ద వాడాను. సీటు గుడ్డ మీద అద్దితే అన్నీ అంటుకొస్తాయి (ఆ ముద్ద వెంటనే పారెయ్యాలి సుమా, మా అత్తగారు పిండి దండగ అన్నారు!). సీటు బెల్టు బకిల్ దూరే సందుల్లో, సీటు జరిగే పట్టాల్లో తప్పకుండా చూడండి.

తాత్కాలికంగా కవరు వెయ్యక తప్పదు. మందపాటి పాలిథిన్ తీసుకుని, పైఅంచు ముందు అంటించి కిందికి లాగితే నీరు లోపలికి కారదు. పార్సిలు టేపు నేరుగా పెయింటు మీద అంటిస్తే మన ఎండలకి జిగురు పట్టేసి పీకేటప్పుడు రంగు లేస్తుంది. పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపు కింద వేసి దానిమీద ఇది అంటించండి. ఆ సీట్లో ఎవర్నీ కూర్చోపెట్టొద్దు. దూరప్రయాణం అసలే వద్దు. వెనకవైపు కంత ఉంటే సైలెన్సరు పొగ లోపలికి లాక్కునే వీలుంటుంది.

షాపులో

నేను మూడు షాపులకి ఫోన్ చేశాను. ఒకే అద్దానికి మొదటి షాపుకీ మూడో షాపుకీ పధ్నాలుగు వందలు తేడా! అడిగితే తెలిసింది, ఒకరు బీడింగుతో కలిపి చెప్పారు, ఇంకొకరు అద్దానికే చెప్పారు, మరొకరిది బిగింపు కూలీతో సహా. అందుకని అద్దం, బీడింగు, గమ్ము, కూలీ విడివిడిగా చెప్పమనండి. బండి పేరు ఒక్కటే చెబితే చాలదు. ఏ సంవత్సరంది, ఏ వేరియంటు, డ్రైవర్ సైడా క్లీనర్ సైడా (ఎడమ పక్కని మెకానిక్కులు అలాగే అంటారు), అద్దంలో యాంటెన్నా గీతలేమైనా ఉన్నాయా అన్నది కూడా చెప్పాలి. ఆర్సీలో ఉన్న చాసిస్ నంబరు ఇస్తే సరైనది తేలిగ్గా దొరుకుతుంది.

"సార్ రాలేదా మేడమ్?" అన్నది కౌంటర్లో మొదటి ప్రశ్న. రాలేదన్నాను. ఆ తర్వాత నేనడిగిన ప్రతిదానికీ జవాబు నాకు కాకుండా నా పక్కన నిలబడ్డ ఇంటర్ చదివే మా తమ్ముడి కొడుక్కి చెప్తాడు! వాడికేమో అద్దం గురించి ఏమీ తెలీదు. కానీ లోపల పనిచేసే పెద్దాయన మంచివాడు. "అమ్మా, ఇలా రండి, చూడండి" అని పిలిచి చూపించాడు. పాత బండ్లలో అద్దం చుట్టూ రబ్బరు బీడింగు ఉంటుందట. దాని గాడిలో తాడు పెట్టి, అద్దాన్ని బయటి నుంచి అదిమి, లోపలి నుంచి తాడు లాగితే అంచు కూర్చుంటుంది. కొత్త బండ్లలో నల్లటి పాలీయురెథేన్ గమ్ముతో అతికిస్తారు. పాత గమ్ముని పూర్తిగా గీకెయ్యరు. పలచటి పొర ఉంచి దానిమీద కొత్తది వేస్తారు. ఎక్కడైనా పెయింటు గీరుకుని ఇనుము బయటపడితే ప్రైమరు పూయాలి, లేకపోతే అక్కడే తుప్పు మొదలవుతుంది. అద్దం అంచున ఉండే నల్లటి పట్టీ అందం కోసం కాదట, గమ్ముకి ఎండ తగలకుండా.

అద్దం పెట్టేముందు లోపలి ప్లాస్టిక్ ప్యానెల్ విప్పించి, బాడీ సందులో పడ్డ ముక్కలు తీయించండి. అడక్కపోతే చాలామంది విప్పరు. తర్వాత ఏడాదిపాటు గతుకొచ్చినప్పుడల్లా గలగలమంటూనే ఉంటాయి.

గమ్ము ట్యూబు మీద గడువు తేదీ చూడండి. బండి ఎన్ని గంటల తర్వాత తియ్యొచ్చో ట్యూబు మీదో, దాంతో వచ్చే కాగితంలోనో ఉంటుంది. ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. గాలిలో తేమతో గట్టిపడే రకం కాబట్టి వాతావరణాన్ని బట్టి కూడా మారుతుంది. "గంటలో తీసుకెళ్లిపోండి మేడమ్" అన్నాడు కౌంటరు అబ్బాయి. ట్యూబు చూపించమన్నాను. నాలుగు గంటలని ఉంది! అక్కడే బెంచీ మీద కూర్చుని ఓ కథకి సగం చిత్తుప్రతి రాసుకున్నాను. బండి పల్టీ కొడితే మనిషి బయటికి విసిరేసినట్టు పడకుండా మొదట ఆపేది సీటు బెల్టు. ఆ తర్వాత అద్దం కూడా అంచు వదలకుండా పట్టుకుని ఉండాలి కదా.

ఇంటికొచ్చాక ఒకటి రెండు రోజులు తలుపులు ధడాల్న వెయ్యనివ్వొద్దు. ఆ గాలి ఒత్తిడికి పచ్చి గమ్ము జరుగుతుంది. ఒక కిటికీ వేలెడంత దించి ఉంచితే మంచిది. వాళ్లంటించిన టేపు పీకొద్దు, ప్రెషరు పంపుతో కడిగించొద్దు. పూర్తిగా ఆరాక చెంబుతో నీళ్లు పోసి లోపల తడి తేలుతుందేమో చూడండి. వేగంగా వెళ్లేటప్పుడు ఈల వేసినట్టు వినబడినా షాపుకి తీసుకెళ్లాల్సిందే.

బీమా అడగాలా వద్దా?

థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే అద్దానికి పైసా రాదు. ఫుల్ పాలసీ ఉంటే గాజుకి అరుగుదల కింద ఏమీ కొయ్యరు. రబ్బరు, ప్లాస్టిక్ వస్తువులకైతే సగం కోస్తారు. కానీ సొంత కార్లకి ప్రతి క్లెయిములో మన వాటా తప్పదు. ఇంజను 1500 సీసీ లోపైతే 1,000 రూపాయలు, దాటితే 2,000. పైగా క్లెయిము లేని ఏళ్లకి ఇచ్చే నో క్లెయిమ్ బోనస్ 20, 25, 35, 45, 50 శాతం అని మెట్లెక్కుతూ పోతుంది. ఒక్క క్లెయిముతో వచ్చే రెన్యువల్లో సున్నాకి దిగుతుంది. లెక్క వెయ్యండి: అద్దం ఖర్చు 4,500, మన వాటా 2,000, చేతికొచ్చేది 2,500. సొంత నష్టానికి కట్టే ప్రీమియం 10,000 ఉండి, వచ్చే ఏడు 35 శాతం తగ్గాల్సి ఉంటే పోగొట్టుకునేది 3,500! బోనస్ పోకుండా అదనపు కవరు తీసుకుని ఉంటే వేరే సంగతి. నేను క్లెయిము వెయ్యలేదు. మావారు క్యాంపు నుంచి వచ్చి కాగితం మీద ఈ లెక్క చూసి, మారు మాట్లాడకుండా బండి కడగడానికి బయల్దేరారు. పంపుతో కడగొద్దని ఆపాను.

ఇక ఆ గాజు పలుకులు. వాటిని మామూలు చెత్తబుట్టలో వెయ్యకండి. పాత న్యూస్ పేపరు నాలుగు మడతల్లో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసి, పైన 'గాజు' అని పెద్దక్షరాలతో రాశాను. మా వీధికి చెత్త బండితో వచ్చే ఆవిడ ఒట్టి చేతుల్తోనే కవర్లు విప్పి వేరు చేస్తుంది. ఆవిడకి చదువు రాదని పెట్టె చేతికిచ్చి నోటితో కూడా చెప్పాను.