మనిషికొక గిన్నె: బత్తాయి పొరల తీపి

పాలలో నిమ్మరసము పడితే ఏమవుతుందో మన ఇండ్లలో పదేళ్ల పిల్లకు కూడ తెలుసు. అయినను పండ్ల రసముతో పాల తీపి ఒకటి చేయవలెనన్న కోరిక మనలను విడిచిపెట్టదు. బండ్ల మీద కమలాలు రాసులు పోసి ఉన్నప్పుడు, ఇంటిలో చిక్కగా కాచిన పాలు ఉన్నప్పుడు, ఈ రెంటిని కలిపితే ఎంత బాగుండునో అని అనిపించని వారు అరుదు. మేమును ఒకనాడు అట్లే అనుకొని, సగానికి మరిగించి అప్పుడే దించిన పాలలో నాలుగు కమలాల రసము ధారగా పోసినాము. గరిటె పది సార్లు తిరుగక ముందే పాలు పలుకులు పలుకులుగా విడిపోయి, పైన పచ్చని తేట తేలినది. అతిథులు ముందు గదిలో కూర్చొని ఉన్నారు. ఆ పదార్థమును ఏ పేరు పెట్టి వడ్డించినామో ఇక్కడ చెప్పము.

సైదాబాదులో మా పెద్దత్తయ్యగారి ఇల్లు ఉన్నది. ఈ పరాభవము ఆమె చెవిని పడినప్పుడు ఆమె నవ్వి, "కలిపితే విరుగుతాయి, పేరిస్తే ఎందుకు విరుగుతాయి?" అన్నది. మేము ఇక్కడ చెప్పదలచిన తీపికి ఆ మాటయే ఆయువుపట్టు. గాజు గ్లాసులో కనిపించే రంగురంగుల పొరలు కంటికి ఇంపు కొరకు ఏర్పడినవని చాలమంది అనుకొంటారు. ఇంపు తరువాతి సంగతి. పుల్లనిదియు పాలదియు చెంచాలోనికి వచ్చేవరకు ఒకదానినొకటి ముట్టకుండ ఉండుటకే ఆ పొరలు.

హైదరాబాదు వంటవారికి ఈ మర్మము పాతదే. ఖుబానీ కా మీఠా చూడండి. ఎండిన ఖుబానీలను నానబెట్టి, చక్కెరతో ఉడికించి, పులుపు తీపి కలిసిన ఆ ముద్దను గిన్నెలో వేసి, మీద మీగడ పెడతారు. రెంటిని కలిపి ఉడికించరు. మనిషికొక పాత్ర అన్నదియు ఈ నగరమునకు కొత్త కాదు. పాత బస్తీలో ఫిర్నీని చిన్న చిన్న మట్టి మూకుళ్లలో విడివిడిగా పోసి ఉంచుతారు. మట్టి కొంత తేమను పీల్చుకొనుటచేత ఫిర్నీ ఇంకొంచెము చిక్కబడుతుంది. ఈ రెండు వాడుకలను కలిపి, ఖుబానీ స్థానములో బత్తాయిని నిలబెట్టినట్లయితే మన తీపి సిద్ధమైనట్లే.

విడివిడి పాత్రల విషయములో మరొక మాట చెప్పవలసి ఉన్నది. ఒకప్పుడు పెద్దత్తయ్యగారి ఇంట పండుగలకు పెద్ద గంగాళముతో పాయసము కాచేవారు. పధ్నాలుగు మంది తినేవారు. పిల్లలకు, మగవారికి, వచ్చిపోయే వారికి వడ్డన అయిన తరువాత ఆమె విస్తరి ముందు కూర్చొనేది. అప్పటికి గంగాళములో గరిటె గీతలు మాత్రమే మిగిలేవి. "రుచి చూసీ చూసీ నా కడుపు నిండిందిలే" అనేది. చాలకాలము మేము ఆ మాటను నమ్మినాము. గ్లాసులలో తీపి పేర్చుట మొదలుపెట్టిన తరువాత ఎన్ని గ్లాసులు ఉన్నవో, ఎవరెవరివో లెక్క తెలిసిపోయినది. ఆమె గ్లాసు అలమారలో ఆమె కొరకు ఆగేది. దానిని ఆమె చివరి చెంచా వరకు గీకి తినుట చూచిన నాడు, కడుపు నిండిన మాట ఎంత నిజమో మాకు బోధపడినది.

ఇక పండు సంగతి. తెలంగాణములో బత్తాయి అన్నదే అనంతపురము, కడప ప్రాంతములలో చీనీ. జంట నగరాల బండ్ల మీద మోసంబి. హోటళ్లలో దీనిని తీపి నిమ్మ అని అర్థము వచ్చే ఇంగ్లీషు పేరుతో పిలుస్తారు కాని, మనకు ఎక్కువగా వచ్చే సాతుగుడి రకమును వృక్షశాస్త్రజ్ఞులు తీపి నారింజ జాతిలోనే చేర్చినారు. నల్లగొండ తోటలు ఈ పండుకు పేరు పొందినవి. పెద్ద కాపు ఆగస్టు నుండి అక్టోబరు వరకు వస్తుంది. కత్తెర కాపు వేసవికి ముందు. నల్లగొండ కాయ నగరములోనికి వచ్చే దారి సైదాబాదుకు దూరము కాదు. గడ్డిఅన్నారములో పండ్ల మార్కెట్టు ఉన్నంత కాలము ఈ వైపు వారు సంచి పట్టుకొని పోయి డజన్ల లెక్కన తెచ్చుకొనేవారు. 2021లో ఆ మార్కెట్టు బాటసింగారమునకు తరలిపోయినది. పండు మాత్రము బండి ఎక్కి వీధిలోనికే వస్తున్నది.

కొనునప్పుడు రంగును చూచి మోసపోవద్దు. బత్తాయి ఆకుపచ్చగా ఉండియు లోపల పండి ఉండవచ్చును. చేతిలో పట్టుకొంటే పరిమాణమునకు మించిన బరువు ఉండవలెను. తోలు పలుచగా, నున్నగా ఉండవలెను. తేలికగా, గరుకుగా ఉన్న కాయలో తోలు ఎక్కువ, రసము తక్కువ.

బత్తాయికి ఒక దుర్గుణము కలదు. పిండిన వెంటనే తీయగా ఉన్న రసము కొన్ని గంటలు గడిస్తే చేదెక్కుతుంది. ఉదయము పిండి పెట్టుకొని మధ్యాహ్నము వాడుకొన్న వారందరికి ఇది అనుభవమే. కారణమేమనగా, గింజలలోను, తొనల పొరలలోను, తోలు కింది తెల్లని దూదిలోను చేదు లేని ఒక పదార్థము ఉన్నది. పిండునప్పుడు అది రసములోనికి వచ్చి, రసములోని పులుపు తగిలి క్రమముగా లిమోనిన్ అనే చేదు పదార్థముగా మారుతుంది. కాబట్టి రసమును ముందుగా పిండరాదు. పిండునప్పుడు చివరి బొట్టు వరకు నలిపి, తోలును మెలితిప్పరాదు. గింజలు నలుగరాదు. వడగట్టిన రసములో చిటికెడు ఉప్పు వేసినట్లయితే మిగిలిన కొద్దిపాటి చేదు నాలుకకు తెలియదు. బత్తాయి వాసన మెత్తనిది గనుక ఒక నిమ్మకాయ రసము తోడు చేయవలెను. నిమ్మకాయను గోరువెచ్చని నీటిలో రుద్ది కడిగి, పై పసుపు తోలును మాత్రమే కొద్దిగా తురిమి వేస్తే పరిమళము ఇల్లంతయు వ్యాపిస్తుంది.

ఈ రసమును గడ్డకట్టించుటకు జెలటిన్ వాడేవారున్నారు. మేము చైనా గ్రాస్ వాడుమని చెబుతాము. ఇందుకు రెండు కారణములు ఉన్నవి. మొదటిది వాతావరణము. జెలటిన్‌తో కట్టిన జెల్లీ 30 డిగ్రీలు దాటితే సడలి, మరికొంత వేడికి నీరవుతుంది. హైదరాబాదులో మే నెల మధ్యాహ్నము 40 డిగ్రీలు దాటుట వింత కాదు. చైనా గ్రాస్ అట్లు కాదు. అది 40 డిగ్రీలకు కాస్త దిగువనే, మంచుపెట్టె అవసరము లేకుండగనే గడ్డకడుతుంది. ఒకసారి కట్టిన దానిని మళ్లీ కరగించుటకు 85 డిగ్రీల వేడి కావలెను. ఈ గుణము వల్లనే అది వంటయింటి నుండి ప్రయోగశాలకు ప్రయాణము చేసినది. 1881లో జర్మనీలో వాల్టర్ హెస్సె అనే వైద్యుడు సూక్ష్మజీవులను పెంచుటకు జెలటిన్ వాడుచు, వేసవి వేడికి అది కరగిపోతున్నదని విసుగు చెందినాడు. ఆయన భార్య ఫానీ హెస్సె తాను జెల్లీలకు వాడే అగార్‌ను వాడి చూడుమన్నది. జావాలో నివసించి వచ్చిన పరిచితుల వలన ఆమె దానిని నేర్చుకొన్నది. ఆ అగారే మన చైనా గ్రాస్. రాబర్ట్ కోఖ్ దానిని స్వీకరించినాడు; నేటికిని ప్రపంచమంతట ప్రయోగశాలలు దానిని విడిచిపెట్టలేదు.

రెండవ కారణము మన ఇరుగు పొరుగు. జెలటిన్ పశువుల ఎముకల నుండి, చర్మము నుండి తీసినది. శాకాహారులు ముట్టరు, ముస్లిము గృహములలో అది ఏ పశువుది, ఎట్లు వధింపబడినది అన్న ప్రశ్న వస్తుంది. చైనా గ్రాస్ పేరుకు గడ్డియే కాని, నిజానికి సముద్రములోని ఎర్ర నాచుల నుండి తీసిన పదార్థము. మన దేశములో రామనాథపురము తీరమున స్త్రీలు సముద్రములో మునిగి ఈ నాచును ఏరి తెస్తారు. సైదాబాదు వంటి చోట గోడకు ఇవతల ఒక ఇల్లు, అవతల ఒక ఇల్లు. పండుగ వచ్చినదంటే మూతవేసిన గిన్నెలు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటవి. ఏ ఇంటివారును అనుమానింపకుండ తినదగినది పంపుటయే మర్యాద. అసలు చైనా గ్రాస్ పాకము పెద్దత్తయ్యకు నేర్పినది పక్కింటి ఖాలాయే. రంజాను నెలలో ఆ ఇంట పళ్లెములలో తెల్లగా కట్టి, ముక్కలుగా కోసేవారు. ఆమె చెప్పిన హెచ్చరిక మాకు ఇంకను జ్ఞాపకమున్నది: "పొయ్యి మీదుండంగ రసం పొయ్యకు బిడ్డా. దించినంక పొయ్యాలె." ఆ మాటలో శాస్త్రము ఉన్నది. పులుపుతో కలిపి మరిగిస్తే చైనా గ్రాస్ కట్టే శక్తి క్షీణిస్తుంది. రసములోని సి విటమినును, వాసనయు వేడికి నష్టపోకుండుటకు కూడ అదే మార్గము.

తెల్లని పొరకు పాలు కాక పెరుగు ఎందుకన్నది ఇప్పుడు చెప్పవలెను. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు కణములు ఒకదానినొకటి దూరముగా నెట్టుకొనుచు పాలంతట తేలుతుంటవి. పులుపు ఒక మట్టమునకు చేరగానే ఆ నెట్టుడు ఆగి, కణములు గుంపులు కడతవి. అదే విరుగుట. వేడి ఉంటే అది మరింత త్వరగా జరుగుతుంది. పెరుగులో ఈ పని తోడు వేసిన రాత్రియే నెమ్మదిగా జరిగిపోయినది. ఇక విరుగవలసినదేమియు మిగులలేదు. కాబట్టి పుల్లని జెల్లీ ప్రక్కన అది నిశ్చింతగా కూర్చొంటుంది. ఇంగ్లండులో నిమ్మరసమును చిక్కని మీగడలోనే కలిపి కట్టించే తీపి ఒకటి ఉన్నది. అందులో వెన్న భాగము మిక్కిలి ఎక్కువ గనుక అది విరుగదు. మన ఇంటి పాలతో ఆ సాహసము చేయవద్దు. మేము చేసి చూచినాము.

ఆరు గ్లాసులకు కొలతలివి. ఒక లీటరు కమ్మని పెరుగును పలుచని గుడ్డలో మూటగట్టి నాలుగైదు గంటలు వ్రేలాడదీయవలెను. ఎండాకాలమైతే రాత్రిపూట గాని, చల్లని పెట్టెలో గాని వ్రేలాడదీయవలెను. లేనిచో మూట దిగేసరికి పెరుగు పులిసిపోతుంది. కారిన తేటను పారబోయక చపాతీ పిండి తడుపుకొనవచ్చును. మిగిలిన ముద్దలో ఆరు పెద్ద చెంచాల చక్కెర పొడి, రెండు ఏలకుల పొడి వేసి నునుపుగా చిలుకవలెను.

ఈలోగా ఐదు గ్రాముల చైనా గ్రాస్ పీచును కత్తిరించి, పావు లీటరు నీటిలో అరగంట నానబెట్టి, ఆ నీటితోనే సన్నని సెగ మీద మరిగించవలెను. గరిటె ఎత్తి చూస్తే ఒక్క పోగైనను కనిపించరాదు. తొందరపడి దించినవారికి జెల్లీలో దారములు పంటికి తగులుతవి. పూర్తిగా కరగిన తరువాత నూరు గ్రాముల చక్కెర వేసి, అది కరగగానే దించవలెను. బత్తాయి, నిమ్మరసములు కలిసి పావు లీటరు ఉండవలెను. నాలుగు కాయలు చాలును. ఇక్కడ ఒక మెలకువ: చల్లని పెట్టెలో నుండి తీసిన రసమును పోయరాదు. చల్లదనము తగిలిన చోటల్లా చైనా గ్రాస్ క్షణములో ఉండలు కడుతుంది. రసము గిన్నెను కాసేపు వేడినీటిలో నిలిపి, గోరువెచ్చగా చేసి, కలుపుచు పోయవలెను.

పొరలు తీసిన కొన్ని తొనలను గ్లాసు అడుగున వేసి, ఆ మీద ఈ ద్రవమును మూడవ వంతు వరకు పోయవలెను. గ్లాసును ఒక గిన్నె అంచుకు వాల్చి ఉంచితే పొర ఏటవాలుగా కడుతుంది. పిల్లలకు అది ఇష్టము. అరగంటలో గడ్డకట్టిన తరువాత పెరుగు మీగడను చెంచాతో నెమ్మదిగా పరవవలెను. చివరగా, వడ్డించే ముందు మాత్రమే, ఎనిమిది ఉస్మానియా బిస్కత్తులను చేతితో నలిపి పైన చల్లవలెను. చాలమంది బిస్కత్తును అడుగున వేస్తారు. మాకది నచ్చదు. అడుగున పడిన బిస్కత్తు గంటలో మెత్తబడి, నానిన రొట్టె వలె అవుతుంది. గట్టిగా కట్టినది కింద, మెత్తనిది నడుమ, కరకరలాడేది పైన ఉన్నప్పుడే ఆ బిస్కత్తులోని ఉప్పదనము పులుపుకు ఎదురు నిలుస్తుంది.

రెండు రంగుల జెల్లీ కావలెనన్నవారు బత్తాయి పొర మీద కమలా పొర పోయవచ్చును. మొదటి పొర వేలికి ఇంకను జిగటగా అంటుచున్నప్పుడే రెండవది పోయవలెను. పూర్తిగా ఆరి చల్లబడిన దాని మీద పోస్తే రెండును అతుకక, చెంచా తగలగానే జారిపోతవి. పాత్రలు గాజువి గాని, పింగాణీవి గాని, స్టీలువి గాని కావలెను. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పుల్లని పదార్థము ఉంచరాదని మన పెద్దలు చెప్పినది ఇక్కడను వర్తిస్తుంది.

చేసిన నాడే తినుట మేలు. మరునాటికి జెల్లీ నుండి కొంత నీరు ఊరుతుంది. అది చెడినట్లు కాదు, గ్లాసును వంచి ఆ నీటిని ఒంపివేస్తే సరిపోతుంది. పక్కింటికి పంపునప్పుడు బిస్కత్తు పొడిని చిన్న పొట్లము కట్టి విడిగా ఇవ్వవలెను.