ఋతుకాల సూచన - సముద్ర పరిశీలన: ఇండోనేషియా అనుభవం

వ్యాస సంగ్రహం:
ఉష్ణమండల ద్వీపదేశమైన ఇండోనేషియాలో వానకాలం ఎప్పుడు మొదలవుతుందన్నది దానికి ఇరువైపులా ఉన్న రెండు మహాసముద్రాల స్థితిపై ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఆ స్థితిని కొన్ని నెలల ముందుగా గుర్తించడానికి జరుగుతున్న సముద్ర పరిశీలనను, దాని పనితీరును, హద్దులను ఈ వ్యాసం వివరిస్తుంది. సూచన బలం గణన నమూనాలలో మాత్రమే లేదు. ఒక కొసన సముద్రగర్భంలో ఆగకుండా సాగే కొలత, మరో కొసన ఆ కొలత రైతుకు అర్థమయ్యే మాటగా మారడం దానికి ఆధారాలు. సులభంగా తెగిపోయేవి కూడా ఈ రెండు కొసలేనని ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలక పదాలు: ఋతుకాల సూచన, సముద్ర పరిశీలన, ఎల్ నినో, హిందూ మహాసముద్ర ద్విధ్రువం, లంగరు బోయాలు, ఆర్గో, ఇండోనేషియా వ్యవసాయం.

1. ఉపోద్ఘాతం:
ఇండోనేషియా 17 వేలకు పైగా దీవుల సముదాయం. జనాభా 27 కోట్లకు పైమాటే. దేశానికి ప్రధాన ఆహారం వరి. జావా, బాలి దీవులలో స్థూలంగా ఏప్రిల్ నుండి అక్టోబరు వరకు పొడికాలం, ఆ తరువాత వానకాలం. వానలు నిలకడగా మొదలైతేనే ప్రధాన పంటకు నాట్లు పడతాయి. అవి ఆలస్యమైతే కోతా ఆలస్యమవుతుంది. కోతకు ముందుండే గడ్డుకాలాన్ని అక్కడివారు ‘పచెక్లిక్’ అంటారు. వాన నెల వెనకబడితే పచెక్లిక్ కూడా ఆ మేరకు పొడవవుతుంది. అంతేకాక, రెండవ పంట మళ్లీ వచ్చే పొడికాలంలో చిక్కుకుంటుంది. వానకాలం 30 రోజులు ఆలస్యమైతే జనవరి-ఏప్రిల్ నెలల వరి దిగుబడి పశ్చిమ, మధ్య జావాలలో సగటున 6.5 శాతం, తూర్పు జావా, బాలిలలో 11 శాతం తగ్గుతుందని 2007లో వెలువడిన నేలర్ బృందం పరిశోధన అంచనా వేసింది.

ఈ అనిశ్చితిని ఎదుర్కోవడానికి జావా రైతులు ‘ప్రనాత మంగ్సా’ అనే సౌర పంచాంగాన్ని తరతరాలుగా ఆశ్రయించారు. దీనిని 1855లో సురకర్త పాలకుడు ఏడవ పకుబువన క్రమబద్ధం చేశాడు. ఇందులో సంవత్సరం 23 నుండి 43 రోజుల నిడివి గల 12 భాగాలుగా ఉంటుంది. చెట్ల చిగుళ్లు, పురుగుల అరుపులు, నక్షత్రాల ఉదయం ఒక్కొక్క భాగానికి గుర్తులు. తెలుగు రైతు మృగశిర, ఆరుద్ర కార్తెలను బట్టి సేద్యాన్ని నడుపుకొన్న పద్ధతికి ఇది దగ్గరి పోలిక. రెండింటికీ ఆధారం సూర్యగమనమే. సూర్యగమనం ఏటా ఒకే తీరున సాగుతుంది. సముద్రం అలా ఉండదు. ఒక ఏడాది మరో ఏడాదికన్నా ఎందుకు భిన్నంగా ఉంటుందో పంచాంగం చెప్పలేదు. ఆధునిక ఋతుకాల సూచన సమాధానం వెతుకుతున్నది ఈ ప్రశ్నకే.

2. రెండు మహాసముద్రాల నడుమ:
పసిఫిక్ మహాసముద్రంలో సాధారణంగా తూర్పు నుండి పడమరకు వీచే వ్యాపార పవనాలు వెచ్చని నీటిని ఇండోనేషియా వైపు తోస్తాయి. ఆ వెచ్చని నీటిపై మేఘాలు పెరిగి వానలు కురుస్తాయి. ఎల్ నినో ఏర్పడిన ఏడాదిలో ఈ పవనాలు బలహీనపడతాయి. వెచ్చని నీరు, దానితోపాటు మేఘాలు మధ్య, తూర్పు పసిఫిక్ వైపు జరుగుతాయి. ఇండోనేషియాపై గాలి కిందికి దిగి వాన తగ్గుతుంది.

పడమటి దిక్కున హిందూ మహాసముద్రంలో ఇటువంటిదే మరో వ్యవస్థ ఉంది. కొన్ని సంవత్సరాలలో జూన్ నుండి నవంబరు వరకు జావా, సుమత్రా తీరాల వెంట ఆగ్నేయ పవనాలు బలపడి, లోతున ఉన్న చల్లని నీరు పైకి ఉబికి వస్తుంది. అదే కాలంలో ఆఫ్రికా వైపు నీరు వేడెక్కుతుంది. 1999లో సాజి, గోస్వామి, వినయచంద్రన్, యమగత ‘నేచర్’ పత్రికలో ఈ స్థితిని ద్విధ్రువంగా నిరూపించారు. తూర్పు కొస చల్లబడిన దశను ధన ద్విధ్రువం అంటారు. ఆ దశలో ఇండోనేషియా ఎండిపోతుంది.

ఎల్ నినో, ధన ద్విధ్రువం ఒకేసారి వస్తే నష్టం రెట్టింపవుతుంది. 1997లో జరిగింది ఇదే. ఆ ఏడాది సుమత్రా, కాలిమంతాన్ దీవులలో కాలువలు తవ్వి ఎండగట్టిన పీట్ నేలలు నెలల తరబడి కాలాయి. ఆ మంటల వల్ల 81 నుండి 257 కోట్ల టన్నుల వరకు కార్బన్ గాలిలో కలిసినట్లు 2002లో ప్రచురితమైన అధ్యయనం లెక్కగట్టింది. 2015లో ఇదే పరిస్థితి తిరిగి ఎదురై సుమారు 26 లక్షల హెక్టార్లు కాలిపోయాయి. నష్టాన్ని ప్రపంచ బ్యాంకు సుమారు 1,600 కోట్ల డాలర్లుగా అంచనా వేసింది. నిప్పు పెట్టేది మనుషులే. అయితే ఆ నిప్పు ఆరుతుందా, వ్యాపిస్తుందా అన్నదాన్ని చాలావరకు సముద్రం నిర్ణయిస్తుంది.

3. కొలత ఉపరితలం కింద ఎందుకు?
సముద్రపు పైపొర ఉష్ణోగ్రతను ఉపగ్రహాలు కొలవగలవు. కానీ రాబోయే మార్పు మొదట పైపొరలో కనిపించదు. పైనున్న వెచ్చని నీటికి, లోతున ఉన్న చల్లని నీటికి నడుమ ఉష్ణోగ్రత వేగంగా మారే పొరను థెర్మోక్లైన్ అంటారు. ఎల్ నినోకు కొన్ని నెలల ముందే పసిఫిక్ భూమధ్యరేఖ వెంట ఈ పొర కిందికి దిగి, వెచ్చని నీటి నిల్వ పెరుగుతుంది. పశ్చిమ పసిఫిక్‌లో గాలి దిశ మారినప్పుడు పుట్టే కెల్విన్ తరంగం సుమారు రెండు నెలల్లో దక్షిణ అమెరికా తీరాన్ని చేరుతుంది. ఈ ఆలస్యమే సూచనకు అవకాశమిస్తుంది. వాతావరణం కొద్ది రోజులలోనే తన గత స్థితిని మరచిపోతుంది. సముద్రం నెలల తరబడి దానిని గుర్తుంచుకుంటుంది.

దీని విలువ 1982-83లో తెలిసివచ్చింది. ఆ శతాబ్దపు అతిపెద్ద ఎల్ నినోలలో ఒకటైన ఆ ఘటన బాగా ముదిరేదాకా శాస్త్రజ్ఞులు గుర్తించలేకపోయారు. ఎల్ చిచోన్ అగ్నిపర్వతం వెదజల్లిన ధూళి కారణంగా ఉపగ్రహాల ఉష్ణోగ్రత కొలతలు కూడా తప్పాయి. ఆ తరువాత 1985లో మొదలైన అంతర్జాతీయ కార్యక్రమంలో భాగంగా పసిఫిక్ భూమధ్యరేఖకు ఇరువైపులా సుమారు 70 లంగరు బోయాలను నిలిపారు. ‘టావో’గా పిలిచే ఈ వరుస 1994 చివరికి పూర్తయింది. ఒక్కొక్క బోయా పైన గాలిని, తేమను కొలుస్తూ, కింద 500 మీటర్ల లోతు వరకు నీటి ఉష్ణోగ్రతను నమోదు చేసి ఉపగ్రహం ద్వారా పంపుతుంది. 2000 నుండి పశ్చిమ భాగపు బాధ్యతను జపాన్ ‘ట్రైటన్’ బోయాలతో చేపట్టింది.

హిందూ మహాసముద్రంలో ఈ పని ఆలస్యంగా మొదలైంది. అక్కడ 46 లంగరు బోయాల ప్రణాళికతో ‘రామా’ వరుస రూపుదిద్దుకుంది. భారత్, అమెరికా, జపాన్, ఇండోనేషియా తదితర దేశాలు ఇందులో భాగస్వాములు. ఇండోనేషియా పరిశోధన నౌకల పేరు ‘బరుణ జయ’. ఆ బరుణుడు మన వరుణుడే. వీటికి తోడు ఆర్గో తేలియాడు పరికరాలు సుమారు నాలుగు వేలు ప్రపంచమంతటా పనిచేస్తున్నాయి. ఒక్కొక్కటి వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకొకసారి రెండు వేల మీటర్లకు దిగి, పైకి వస్తూ ఉష్ణోగ్రతను, లవణీయతను కొలుస్తుంది. భారత్ ఆర్గో సమాచార కేంద్రం హైదరాబాదులోని ఇన్కాయిస్. హిందూ మహాసముద్ర ప్రాంతీయ కేంద్రం కూడా అదే.

దీవుల నడుమ జలసంధుల గుండా పసిఫిక్ నీరు హిందూ మహాసముద్రంలోకి ప్రవహించడం మరో ముఖ్యాంశం. 2004-2006 మధ్య ఇండోనేషియా, అమెరికా, ఆస్ట్రేలియా, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ కలిసి చేసిన కొలతలలో ఈ ప్రవాహం సెకనుకు సుమారు కోటిన్నర ఘనపు మీటర్లని తేలింది. ఇరుకైన, వేగంగా ప్రవహించే ఈ జలసంధులలో ఆర్గో పరికరాలు నిలకడగా పనిచేయలేవు. ఇక్కడ లంగరు వేసిన పరికరాలే దిక్కు.

4. కొలత తెగినప్పుడు:
బోయా నీడన చేపలు చేరతాయి. ఇండోనేషియా జాలరులు ‘రుంపోన్’ అనే తేలు సాధనాలను ఇందుకోసమే నీటిలో వదులుతారు. శాస్త్రజ్ఞుల బోయా కూడా జాలరికి మంచి రుంపోన్‌గానే కనిపిస్తుంది. పడవలను దానికి కట్టడం వల్ల, వలలు చిక్కుకోవడం వల్ల, పరికరాల దొంగతనం వల్ల హిందూ మహాసముద్రపు బోయాలకు తరచుగా నష్టం వాటిల్లుతోంది. ద్విధ్రువపు తూర్పు కొస తీరానికి దగ్గరలోనే ఉండటంతో కొలత అత్యవసరమైన జలాలలోనే ఈ ప్రమాదం ఉంది. దీనిని నేరంగా మాత్రమే చూస్తే సమస్య తీరదు. బోయా పంపే సమాచారం జాలరికి ఏ రూపంలోనూ తిరిగి చేరకపోతే, అతనికి దాని ప్రత్యక్ష ప్రయోజనం చేపలే.

నష్టం జాలరుల వల్ల మాత్రమే జరగలేదు. టావో బోయాల నిర్వహణకు కేటాయించిన అమెరికా నౌక 2012లో సేవల నుండి తప్పుకున్నాక మరమ్మతులు కుంటుపడి, 2014 ఆరంభానికి ఆ వరుస నుండి అందే సమాచారం సుమారు 40 శాతానికి పడిపోయింది. సూచన బాగా పనిచేసిన సంవత్సరాలలో కొలత అవసరం ఎవరికీ గుర్తుకు రాదు. నిర్వహణ వ్యయం కోతకు గురయ్యేది కూడా అప్పుడే.

5. సూచనకు గల హద్దులు:
సముద్ర సమాచారం ఉన్నంతమాత్రాన అన్నీ ముందుగా తెలియవు. ఇండోనేషియాలో పొడికాలానికి, ముఖ్యంగా సెప్టెంబరు-నవంబరు వానలకు ఎల్ నినోతో సంబంధం గట్టిది. దేశంలో చాలా భాగం అప్పుడు ఒకే తీరున స్పందిస్తుంది. వానకాలం నడిమధ్యకు వచ్చేసరికి ఆ సంబంధం సడలుతుంది. కొండలు, స్థానిక గాలులు ఒక్కొక్క దీవికి వేరువేరు వానను ఇస్తాయి. కాబట్టి వానకాలం ఎప్పుడు మొదలవుతుందో చెప్పడం సాధ్యమైనంతగా, జనవరిలో ఎంత కురుస్తుందో చెప్పడం సాధ్యం కాదు. ద్విధ్రువం విషయంలో నమ్మదగిన ముందస్తు గడువు సుమారు ఒక ఋతువు మాత్రమే. అదృష్టవశాత్తు నాట్లకు ముందు రైతుకు కావలసినది మొదటి సమాచారమే.

6. సముద్రం నుండి పొలానికి:
దేశ వాతావరణ సంస్థ అయిన బి.ఎం.కె.జి. ప్రస్తుతం దేశాన్ని 699 ఋతు మండలాలుగా విభజించి, ఒక్కొక్కదానికి వానకాలం మొదలయ్యే పదిరోజుల గడువును ముందుగా ప్రకటిస్తుంది. ఈ గడువును ‘దశారియన్’ అంటారు. ‘దశ’ మనకు తెలిసిన పదే. ఒక దశారియన్‌లో 50 మిల్లీమీటర్లు లేదా అంతకుమించి వాన కురిసి, తరువాతి దశారియన్లలోనూ అది కొనసాగితే వానకాలం మొదలైనట్లు లెక్క.

సంభావ్యతల భాషలో ఉండే ఈ ప్రకటన పొలంలో నేరుగా నిర్ణయంగా మారదు. ఈ అంతరాన్ని పూడ్చడానికి పశ్చిమ జావాలోని ఇంద్రమాయు జిల్లాలో 2003లో ‘క్షేత్ర వాతావరణ పాఠశాలలు’ మొదలయ్యాయి. అదే ప్రాంతంలో మానవశాస్త్రవేత్త యునిత వినార్తో బృందంతో కలిసి పనిచేసిన రైతులు తమ పొలంలో రోజూ వానను తామే కొలిచి, పంట తీరును పుస్తకంలో రాసుకున్నారు. స్వయంగా కొలిచిన రైతుకు సగటు అంటే ఏమిటో, సూచన ఎందుకు తప్పవచ్చో అనుభవం ద్వారా తెలుస్తుంది. పాత పంచాంగపు గుర్తులను తీసిపారేయకుండా, వాటి పక్కన కొత్త కొలతను నిలిపిన పద్ధతి ఇది.

7. ముగింపు:
2019లో బలమైన ఎల్ నినో లేదు. కానీ ధన ద్విధ్రువం అసాధారణంగా బలపడి ఇండోనేషియాలో సుమారు 16 లక్షల హెక్టార్లు కాలిపోయాయి. అదే ఏడాది భారత్‌లో నైరుతి ఋతుపవనాలు దీర్ఘకాల సగటులో 110 శాతం వాననిచ్చాయి. అక్కడి కరవుకూ, ఇక్కడి అధిక వర్షానికీ దోహదం చేసిన సముద్రం ఒకటే. అందువల్ల సుమత్రా ఎదుట తెగిన ఒక బోయా తాడు ఇండోనేషియా నష్టం మాత్రమే కాదు. పై చర్చ నుండి ఈ అంశాలను గ్రహించవచ్చు.

1. ఋతుకాల సూచనకు మూలం సముద్రపు జ్ఞాపకశక్తి. అది ఉపరితలం కింద ఉంటుంది కనుక ఉపగ్రహాలు లంగరు బోయాలకు ప్రత్యామ్నాయం కాలేవు.
2. సముద్ర పరిశీలన ఒకసారి నిర్మించి వదిలే కట్టడం కాదు. చెరువు గట్టులా ఏటేటా చూసుకోవలసిన ఉమ్మడి ఆస్తి.
3. బోయాకు మంచి కాపలా జాలరే. అతనిని సమాచార భాగస్వామిగా చేయడం రక్షణ చర్యలలో మొదటిది కావాలి.
4. ఏది చెప్పగలరో, ఏది చెప్పలేరో రైతుకు స్పష్టంగా తెలిపినప్పుడే సూచనపై నమ్మకం నిలుస్తుంది. ఆ పని ప్రజల భాషలో జరగాలి కనుక, అందులో వాతావరణ శాస్త్రజ్ఞులతోపాటు భాషా పరిశోధకులకూ పాత్ర ఉంది.