పది కిలోల సున్నం తాగేది మూడు లీటర్లే

తుపాను వాన వెలిసిన మర్నాడు అవనిగడ్డ నుంచి గుడివాడ దాకా పెరటికోళ్ళున్న ఇళ్ళలో ఒకటే వైద్యం. దొడ్డి చిత్తడైందా, సున్నం చల్లు. నేల ఆరిపోతుందట, కంపు పోతుందట, కొక్కెర తెగులు ఆ చాయలకే రాదట. మూడూ అబద్ధమే. వరద తీశాక పంచాయతీ వాళ్ళు వీధుల్లో సున్నం, బ్లీచింగ్ చల్లడం చూసి అబ్బిన అలవాటిది. వీధిలో మనం చెప్పులేసుకుని నడుస్తాం. కోడి ఆ తెల్లపొడిలోనే ఉత్తకాళ్ళతో నిలబడి, గీరి, గింజలేరుకుని తింటుంది.

ముందు ఆరడం సంగతి. పది కిలోల కాల్చిన సున్నం తనలో కలుపుకోగలిగేది మూడు లీటర్ల పైచిలుకు నీళ్ళు, అంతే. కొట్లో అమ్మే మెత్తటి పొడి సున్నమైతే తాగాల్సింది అప్పటికే తాగేసి ఉంటుంది. పదడుగుల చదరం దొడ్డి మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 90 లీటర్లు దాటుతుంది. తుపాను రోజున పది సెంటీమీటర్లు పడటం బందరు వాళ్ళకి వింతేమీ కాదు. ఆ నీళ్ళను కాల్చిన సున్నంతో పీల్చాలంటే దాదాపు మూడు టన్నులు కావాలి. మీరు చల్లేది తట్టెడు.

కంపు సంగతి ఇంకా అన్యాయం. తడి రెట్టలో అణిగి ఉన్న అమ్మోనియం, సున్నం తగిలి క్షారం పెరగ్గానే అమ్మోనియా వాయువుగా పైకి లేస్తుంది. కంపు తగ్గించబోయి రేపుతున్నారన్నమాట. మీ ముక్కు ఐదడుగుల ఎత్తులో ఉంది కాబట్టి తెలియదు. కోడి ముక్కుండేది నేలకి అడుగు ఎత్తులో. నమ్మకపోతే దొడ్డిలో గొంతుకూర్చుని ఓసారి గాలి పీల్చి చూడండి. కాల్చిన సున్నం తడిలో పడితే వేడెక్కి పొగలు కక్కుతుంది కూడా. అరికాళ్ళు బొబ్బలెక్కి, కళ్ళు నీరుకారి, రెప్పలంటుకుని మూల నక్కిన కోడిని చూసి "తెగులు తగిలింది, ఇంకో తట్ట చల్లరా" అనే పెద్దమనుషులకు ఏం చెప్పాలి!

కొక్కెర వైరస్ జబ్బు. సంతలో కొన్న కోడితో వస్తుంది, రెట్ట అంటిన చెప్పుతో వస్తుంది. దానికి అడ్డు టీకా ఒక్కటే: పిల్లలకు మొదటి వారంలో లాసోటా చుక్క, ఎనిమిది వారాలకు ఆర్‌టుబి సూది. ఇక పిల్లల రెట్టలో నెత్తురు పడితే అది కాక్సిడియోసిస్ కావచ్చు, పశువుల డాక్టరుకు చూపించండి. దాని క్రిములు తడీ వెచ్చదనమూ దొరికితే రెండు రోజుల్లో అంటుకోడానికి సిద్ధమవుతాయి. సున్నానికీ ఫినాయిలుకీ అవి చావవు. పొడి నేల మీద మాత్రం వాటి ఆటలు సాగవు.

మరి పొడిగా ఎలా? మన నల్లమట్టి ఓ పట్టాన నీటిని ఇంకనివ్వదు, తాగిన నీటిని వదలదు. కోడూరు, నాగాయలంక వైపు వానాకాలంలో కాస్త తవ్వితే చాలు నీరూరుతుంది. అందుకని పైన ఏం చల్లామన్నది కాదు, దొడ్డి ఎంత మెరకన ఉందన్నది చూసుకోవాలి. కాలవలు కట్టేసిన వేసవిలోనే అడుగు ఎత్తు లేపండి. కింద ఇటుక ముక్కలు, పైన గ్రావెల్, ఆపైన ఏటి ఇసుక. సముద్రపొడ్డు ఇసుక వద్దు, దానిలోని ఉప్పు గాలిలో తేమను లాక్కుంటుంది. చూరు నీళ్ళు దొడ్డిలో పడకుండా కప్పు ముందుకు జరపండి, చుట్టూ బోదె తీయండి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చిపడ్డాయి. అలాంటి వరదను అడుగు మెరక ఏమాపుతుంది? అప్పుడు కోళ్ళను గంపలకెత్తి డాబా ఎక్కించడమే.

కప్పు కింద జానెడు మందాన ఊక పరవండి. గుడివాడ చుట్టూ మిల్లులున్నాక ఊకకు కరువా? పరిచి వదిలేస్తే మాత్రం పైన అట్ట కడుతుంది. రెండు మూడు రోజులకోసారి పారతో తిరగెయ్యాలి. పిడికెడు తీసి గట్టిగా పిసికి వదలండి. ముద్ద కట్టినట్టే కట్టి విచ్చుకుపోతే సరిగ్గా ఉన్నట్టు. ముద్దగానే నిలిచిందా, ఆ చోట ఊక ఎత్తిపోసి కొత్తది వెయ్యండి. ఎక్కువగా తడిసేది నీళ్ళ చిప్ప చుట్టూనే. దాన్ని ఇటుక మీద కోడి వీపు ఎత్తుకు పెడితే సగం గొడవ తీరుతుంది.

ఉప్పు చల్లితే పురుగు చస్తుందంటారు. అది తిన్న కోడి చస్తుంది. గచ్చు వేయిస్తే బాధే లేదంటారు; గచ్చు మీదా రెట్ట వేస్తాయి, గీరుకోడానికి మట్టి మాత్రం ఉండదు. ఉల్లిపాయ, పసుపు ముద్దలతో కొక్కెర తగ్గదు.

బూడిద విషయంలో మాత్రం ముసలమ్మల మాట నిజమేనని ఒప్పుకోక తప్పడం లేదు. దొడ్డి మూల పొయ్యి బూడిద పోస్తే కోళ్ళు అందులో పొర్లుతాయి, ఈకల్లో పేలు తగ్గుతాయి. నేలంతా చల్లమని కాదు సుమా, తడిస్తే అదీ క్షారమే. పాత టైరులో ఇసుకతో కలిపి, జల్లు పడని చోట పెట్టండి. ప్లాస్టిక్ కవర్లు అంటించి పొయ్యి రాజేసే ఇళ్ళ బూడిద వద్దు.