అరగంట విమానం... రెండు గంటల ఓడ

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి, ఎస్తోనియా రాజధాని టాలిన్... రెండూ సముద్రతీర నగరాలే. మధ్యలో ఉన్నది ఫిన్లాండ్ సింధుశాఖ. దూరం దాదాపు 80 కిలోమీటర్లు. విమానమెక్కితే అరగంట, ఓడలో అయితే రెండు గంటలు. అయినా ఎక్కువమంది ఓడకే ఓటేస్తారు. ఎందుకంటే, హెల్సింకి విమానాశ్రయం ఊరికి 20 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడికి చేరుకోవడం, తనిఖీలు, ఎదురుచూపులు... ఆదా అయిన సమయం కాస్తా వీటికే సరి! రేవులేమో రెండుచోట్లా నగరం నడిబొడ్డుకు దగ్గరే. పైగా కారునూ ఓడెక్కించేయొచ్చు.

ఇంత దగ్గరి ఊళ్లే ఒకప్పుడు ఎంతో దూరం. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఎస్తోనియా సోవియట్ పాలనలో ఉండిపోయింది. ఆగిపోయిన ప్రయాణికుల ఓడలు 1965లోగానీ మళ్లీ మొదలవలేదు. మొదలైనా, టాలిన్ వాసులకు ఆవలి ఒడ్డుకు వెళ్లే అనుమతి దొరకడం గగనమే. యాంటెన్నాలు బిగించుకుని ఫిన్లాండ్ టీవీ చూసి తృప్తిపడేవారు. 1991లో ఎస్తోనియా మళ్లీ స్వతంత్ర దేశమైంది. 2004లో ఐరోపా సమాఖ్యలో చేరింది. 2007 డిసెంబరులో షెంజెన్ దేశాల జాబితాలోకి రావడంతో సరిహద్దు తనిఖీలూ పోయాయి. ఇప్పుడు పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే పర్యటకులే కాదు, వారమంతా హెల్సింకిలో పనిచేసి సెలవులకు ఓడెక్కి ఇంటికెళ్లే ఎస్తోనియన్లూ ఎందరో!