మీ పాట ఎవరి పేరున ఉన్నది?

ఈ వారము రఘునాథపల్లి నుండి వచ్చిన ఒక ఉత్తరమును ముందు పెట్టుకొని మాటలాడుచున్నాను. ఆ ఊరు ఒకప్పుడు వరంగల్ జిల్లాలోనిది, 2016 నుండి జనగామ జిల్లాలో ఉన్నది. సంఘ పెద్ద ఒకరు ఇట్లు వ్రాసిరి: "మా సంఘములో ఒక సహోదరి పాటలు వ్రాసి, స్వరము కట్టి, తానే పాడుచున్నది. అప్పు చేసి హైదరాబాదు స్టూడియోలో ఆరు పాటలు రికార్డు చేయించితిమి. సీడీలు కొనేవారు లేరు. ఫోనులో అందరికి వినబడునట్లు పెట్టించెదనని ఒకాయన కాగితము మీద సంతకము అడుగుచున్నాడు. చేయవచ్చునా?"

చేయవద్దు. ముందు నేను చెప్పునది వినండి.

క్యాసెట్ల కాలము మీలో అనేకులకు జ్ఞాపకమే. వెయ్యి క్యాసెట్లు వేయించి, అట్టపెట్టెలలో రైలెక్కించి తెచ్చి, మహాసభల పందిరి ప్రక్కన బల్ల వేసి అమ్మేవారము. అమ్ముడుపోనివి పాస్టరుగారి ఇంటి అటక మీదికి చేరేవి. మా అటక మీద ఇప్పటికీ రెండు పెట్టెలున్నవి, వాటిని వినిపించు యంత్రము మాత్రము ఇంటిలో లేదు. నేటి పద్ధతిలో ఆ పెట్టె లేదు, రైలు ఛార్జీ లేదు. అయితే మధ్యవర్తి మాత్రము ఉన్నాడు.

స్పాటిఫై, ఆపిల్ మ్యూజిక్ వంటివి ఒంటరి గాయకుని వద్ద నుండి పాటను నేరుగా తీసుకొనవు. పంపిణీ సంస్థ ఒకటి మధ్యలో ఉండవలెను. మీరు పాటను ఒక్కసారి దానికి అప్పగిస్తే, జియోసావన్, గానా, స్పాటిఫై, యూట్యూబ్ మ్యూజిక్ మొదలైన అన్నిటికి అది చేర్చును. వచ్చిన డబ్బును సమకూర్చి మీకు పంపును. సీడీ బేబీ అను సంస్థ 1998లో చిన్న గాయకుల సీడీలు అమ్ముటకు ఆరంభమైనది. 2020లో ఆ సీడీల దుకాణమును మూసివేసి, డిజిటల్ పంపిణీ మాత్రము కొనసాగించుచున్నది. ఇది ఒక్కసారి రుసుము తీసుకొని, ఆ పిమ్మట రాబడిలో నూటికి 9 వంతులు ఉంచుకొనును. డిస్ట్రోకిడ్ అయితే ఏటేటా చందా తీసుకొనును, రాబడిలో వాటా అడగదు. కాని చందా ఆగితే, అదనపు రుసుము కట్టియుండని పాటలు తీసివేయబడవచ్చును. ఐదేళ్ల తరువాత కూడ చందా కట్టుటకు సంఘములో ఎవరుందురో ఆలోచించుకొని ఎంచుకొనండి.

ఇప్పుడు ఆ సంతకము సంగతి. పంపిణీ వేరు, హక్కులు వ్రాసి ఇచ్చుట వేరు. పంపిణీ సంస్థకు మీరు ఇచ్చునది పాటను చేరవేయు అనుమతి మాత్రమే, పాట మీదే. ఆ ఒకాయన చేతిలోని కాగితములో "సర్వహక్కులు", "శాశ్వతముగా" అను మాటలున్నవేమో చూడండి. ఉన్న యెడల అది పంపిణీ కాదు, అమ్మకము. మన కాపీరైటు చట్టము 1957 నాటిది. దాని ప్రకారము హక్కుల బదిలీ పత్రములో కాలము వ్రాయకపోతే ఐదు సంవత్సరములే అని, ప్రాంతము వ్రాయకపోతే ఇండియా వరకే అని ఎంచవలెను. అందుకే ఆ కాగితములు వ్రాయువారు ఆ రెండు గడులు ఖాళీగా ఉంచరు! 2012లో చట్టమును సవరించిరి. అప్పటి నుండి, పాటను రికార్డు చేయుటకు హక్కు వ్రాసి ఇచ్చినను, మాటలు వ్రాసినవారికి, స్వరము కట్టినవారికి రాయల్టీలో సమాన వాటా అడుగు హక్కు పోదు. ఆ రాయల్టీ వసూలు చేయుటకు ఐపీఆర్‌ఎస్ అను సంఘము 1969 నుండి ఉన్నది, అందులో సభ్యులు కావచ్చును.

ఇక మన సంఘములలోని ఒక అలవాటును గూర్చి దాచకుండ చెప్పవలెను. సినిమా పాట బాణీ తీసుకొని, మన మాటలు కూర్చి పాడుట. మందిరములో ఆరాధన వేళ పాడుటకు చట్టము అడ్డు రాదు. నిజమైన మతపరమైన కార్యక్రమములో పాట పాడుట ఉల్లంఘన కాదని అందులోనే ఉన్నది. అయితే దానిని రికార్డు చేసి లోకమంతటికి పంపితే ఆ మినహాయింపు వర్తించదు. బాణీ దాని యజమానిదే. పాత కీర్తనల సంగతి వేరు. పురుషోత్తమ చౌదరిగారు 1890లో మరణించిరి. రచయిత మరణించిన పిదప 60 సంవత్సరములకు హక్కు తీరిపోవును గనుక ఆయన కీర్తనలను ఎవరైనను పాడి రికార్డు చేయవచ్చును. కాని వేరొకరు నిరుడు చేయించిన ఆల్బములోని వాద్యసంగీతమును తీసుకొని దానిపై పాడరాదు. కీర్తన పాతదే గాని ఆ రికార్డు వారిది.

ఈ పొరపాటు మాకు జరిగినది. మా యవ్వనస్థుల పాటకు కీబోర్డు వాయించిన తమ్ముడు ఎక్కడినుండో దొరికిన సిద్ధపు సంగీతమును కలిపెను. యూట్యూబులో కంటెంట్ ఐడి అను యంత్రము ప్రతి వీడియోలోని శబ్దమును పోల్చి చూచును. మూడు రోజులలో మా పాట మీద వేరొకరి హక్కు నమోదైనది, ప్రకటనల డబ్బు వారికే పోయినది. వారిని నిందింపలేము. స్టూడియోవారి నుండి, వాయించినవారి నుండి "ఈ సంగీతము మేము స్వయముగా చేసితిమి, ప్రతిఫలము ముట్టినది" అని ఒక చీటి వ్రాయించుకొనండి.

పేర్ల విషయములోను జాగ్రత్త. ప్రతి రికార్డుకు ఐఎస్‌ఆర్‌సి అను 12 అక్షరముల గుర్తు ఉండును, పంపిణీ సంస్థే దానిని ఇచ్చును. దానిని వ్రాసి పెట్టుకొనండి, సంస్థ మారినప్పుడు అదే గుర్తు ఇవ్వవలెను. గాయని పేరును ఇంగ్లీషులో ఒక్కసారి ఏ విధముగా వ్రాసితిరో ప్రతి పాటకు అట్లే వ్రాయండి. ఒక అక్షరము తేడా వస్తే ఆమె ఇద్దరు మనుష్యులుగా కనబడును. రచన, స్వరము అను గడులలో కూడ ఆమె పేరే ఉండవలెను, పాస్టరుగారి పేరు కాదు. ఇది కోపము తెప్పించు మాట అని నాకు తెలియును.

అప్పు తీరునా? వెంటనే తీరదు. చందాల వలన, ప్రకటనల వలన వచ్చిన సొమ్మును ఒక రాశిగా పోసి, వినినవారి లెక్కనుబట్టి పంచుదురు. మన దేశములో ఒకసారి వినినందుకు వచ్చునది పైసలలోనే. స్పాటిఫైలో 2024 నుండి, గడచిన పన్నెండు నెలలలో వెయ్యిసార్లు వినబడని రికార్డుకు ఏమియు ముట్టదు. ఆ వచ్చునది కూడ నెలలు ఆలస్యముగా వచ్చును. కాబట్టి ఈ దారిని నమ్మి మరల అప్పు చేయకండి.

ఉత్తరము చివర మీరు ఒక మాట వ్రాసిరి, ఆరింటిలో నాలుగవ పాట ఒక సినిమా బాణీలో ఉన్నదని. దానిని ప్రక్కన పెట్టి, ఐదు పాటలను ఆ సహోదరి పేరుననే పంపండి. ఆ నాలుగవ దానికి ఆమె స్వరము కట్టిన తరువాత మరల నాకు వ్రాయండి.