ఐస్ హాకీ గోల్‌కీపర్ రక్షణసామగ్రి: ఎంపిక సూత్రాలు - పరిశీలన

వ్యాస సంగ్రహం

ఐస్ హాకీ గోల్‌కీపర్ రక్షణసామగ్రి ఎంపికలో ధర, పరిమాణం ప్రధాన ప్రమాణాలు కావు. ఏ అవయవానికి తగిలే దెబ్బ ప్రాణాంతకమో గుర్తించి, ఎంపికను అక్కడినుంచి ప్రారంభించాలని ఈ వ్యాసం నిరూపిస్తుంది.

కీలక పదాలు: ఐస్ హాకీ, గోల్‌కీపర్, మాస్క్, ప్యాడ్లు, క్రీడాభద్రత.

1. ఉపోద్ఘాతం

ఐస్ హాకీలో బంతికి బదులు పక్ అనే గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది. దాని వ్యాసం 7.62 సెంటీమీటర్లు, మందం 2.54 సెంటీమీటర్లు, బరువు 156 నుంచి 170 గ్రాములు. బరువులో ఇది ఇంచుమించు క్రికెట్ బంతికి సమానం. ఉన్నతస్థాయి పోటీల్లో దీని వేగం గంటకు 150 కిలోమీటర్లు దాటుతుంది. మీదికి వచ్చే బంతినుంచి క్రికెట్ బ్యాటర్ తప్పుకోవచ్చు. గోల్‌కీపర్ మాత్రం తన శరీరాన్నే అడ్డుపెట్టాలి.

2. చారిత్రక నేపథ్యం

ఈ ఆటలో కాళ్ళకు తొలి రక్షణ క్రికెట్‌నుంచే వచ్చింది. 1896లో విన్నిపెగ్ విక్టోరియాస్ గోల్‌కీపర్ జార్జ్ మెరిట్ క్రికెట్ ప్యాడ్లు ధరించి స్టాన్లీ కప్ పోటీలో ఆడాడు. 1920లలో కెనడాలోని హామిల్టన్ నగరంలో, గుర్రపు జీనుసామగ్రి తయారుచేసే ఎమిల్ కెనెస్కీ వెడల్పాటి తోలుప్యాడ్లు రూపొందించాడు. జింక వెంట్రుకలు, బూరుగుదూది కూరిన ఆనాటి ప్యాడ్లు ఆట సాగేకొద్దీ తడిసి బరువెక్కేవి. నేటి కృత్రిమ ఫోమ్ ఆ లోపాన్ని చాలావరకు తొలగించింది.

ముఖానికి రక్షణ చాలా ఆలస్యంగా స్థిరపడింది. 1930లో క్లింట్ బెనెడిక్ట్ తోలుమాస్క్ ధరించినా అది నిలవలేదు. 1959 నవంబరు 1న న్యూయార్క్‌లో ఆండీ బాత్‌గేట్ కొట్టిన పక్ మాంట్రియల్ గోల్‌కీపర్ జాక్ ప్లాంట్ ముఖాన్ని గాయపరచింది. కుట్లు వేయించుకున్న ప్లాంట్, మాస్క్ లేకుండా తిరిగి ఆడనన్నాడు. మాస్క్‌పై విముఖత ఉన్న శిక్షకుడు టో బ్లేక్ అంగీకరించక తప్పలేదు. కాళ్ళకు రక్షణ వచ్చిన 60 ఏళ్ళకుపైగా గడిచాకగాని ముఖానికి రక్షణ ఆమోదం పొందలేదు. వాడుకలో వచ్చిన క్రమం వేరు, ప్రమాదతీవ్రత క్రమం వేరు అని ఈ చరిత్ర తెలుపుతుంది.

3. ఎంపిక క్రమం

3.1. తల, కంఠం: మాస్క్ తల కదిలినప్పుడు జారకూడదు, గడ్డం దాని ఆధారంలో సరిగ్గా కూర్చోవాలి. బీటలు వారిన మాస్క్ ఎంత ఖరీదైనదైనా పనికిరాదు. మాస్క్‌కు వేలాడే పారదర్శక పలక పక్ దెబ్బను ఆపుతుంది, స్కేట్ అంచు కోతను పూర్తిగా ఆపలేదు. 1989 మార్చి 22న స్కేట్ అంచు తగిలి క్లింట్ మలార్చుక్ కంఠం తెగింది. జట్టు సహాయకుడు వెంటనే గాయాన్ని అదిమిపట్టడంవల్ల ఆయన బతికాడు. కనుక పలకతోపాటు కోతను తట్టుకునే కంఠరక్షణ కూడా అవసరం.

3.2. ఛాతీ: గుండె స్పందనలోని ఒకానొక క్షణంలో ఛాతీకి దెబ్బ తగిలితే, ఎముక విరగకపోయినా గుండె లయ తప్పవచ్చు. వైద్యశాస్త్రం దీనిని కొమోషియో కార్డిస్ అంటుంది. ఛాతీకవచం ఈ ముప్పును పూర్తిగా తొలగించలేదు. అయినా మోకాళ్ళపై కూర్చున్నప్పుడు మెడ, నడుము వద్ద ఖాళీ ఏర్పడని కవచాన్నే ఎంచుకోవాలి.

3.3. కాళ్ళు: నేటి గోల్‌కీపర్లు ఎక్కువగా రెండు మోకాళ్ళనూ మంచుపై ఆనించి, పిక్కలను ఇరుప్రక్కలకు చాచే బటర్‌ఫ్లై పద్ధతిని అనుసరిస్తారు. కాబట్టి స్కేట్లు తొడుక్కొనే ప్యాడ్ కొలత చూడాలి. మోకాలు దానికి కేటాయించిన మెత్తపై సరిగ్గా ఆనాలి. ప్యాడ్ కవచమే కాదు, గోల్‌ను మూసే గోడ కూడా. అందుకే ఎన్.హెచ్.ఎల్. 2005-06నుంచి దాని వెడల్పును 12 అంగుళాలనుంచి 11 అంగుళాలకు తగ్గించింది.

4. ఎదిగే పిల్లల సమస్య

పిల్లలు ఎదుగుతారని పెద్ద కొలత కొనడం తల్లిదండ్రులకు సహజం. బట్టల విషయంలో ఇది పొదుపు, ఇక్కడ మాత్రం ప్రమాదం. పెద్ద ప్యాడ్‌లో మోకాలు మెత్తనుంచి జారుతుంది. పెద్ద ఛాతీకవచం కూర్చున్నప్పుడు పైకి లేచి మాస్క్‌ను నెడుతుంది, చూపు చెదురుతుంది. పొదుపు తప్పనిసరైతే పట్టీలు, మోకాలి మెత్తలు బాగున్న పాత ప్యాడ్లు తీసుకోవచ్చు. తల, కంఠం, ఛాతీల విషయంలో మాత్రం రాజీ కూడదు.

5. ముగింపు

కాళ్ళ ప్యాడ్లు కంటికి ముందుగా కనిపిస్తాయి, డబ్బులో అధికభాగం వాటికే పోతుంది. కాలికి తగిలిన దెబ్బ సాధారణంగా మానుతుంది. తల, కంఠం, గుండెలకు తగిలినదానికి రెండో అవకాశం ఉండకపోవచ్చు. ఉన్న డబ్బును ముందుగా వీటికి కేటాయించి, మిగిలినదానితో ప్యాడ్లు ఎంచుకోవడమే సరైన క్రమం.