ఆరని గోడలు – చంటిబిడ్డ

సొంత ఇల్లు కట్టుకొనే వయస్సూ, మొదటి బిడ్డను ఎత్తుకొనే వయస్సూ చాలా కుటుంబాలలో ఒకటిగానే ఉంటాయి. ఉద్యోగం కుదురుకొని, అప్పు మంజూరయి, పునాదులు తీసే నాటికి ఇల్లాలు కానుపుకు పుట్టింటికి వెళ్ళి ఉంటుంది. మూడవ నెలలోనో, అయిదవ నెలలోనో బిడ్డతో తిరిగి వస్తుంది. అద్దె ఇంటికి మరి రెండు నెలల బాడుగ దండుగ కనుక బిడ్డను నేరుగా కొత్త ఇంటికే తీసుకొని రావాలని పెద్దలు ముచ్చటపడతారు. మేస్త్రిని అడిగితే పని అయిపోయిందంటాడు. మేస్త్రి పని అయిపోయిన మాట నిజమే. గోడల పని మాత్రం ఇంకా సాగుతూనే ఉంటుంది.

సిమెంటు ఆరి గట్టిపడుతుందని సామాన్యంగా అనుకొంటారు. ఆరి గట్టిపడేది బురద. సిమెంటు నీటితో సంయోగం చెంది గట్టిపడుతుంది. అందుచేతనే వంతెన స్తంభాలకు పోసిన కాంక్రీటు నీటి అడుగున ఉండి కూడా రాయి అవుతుంది. సిమెంటులో ముఖ్యంగా ఉండేవి కాల్షియం సిలికేటులు. ఇవి నీటితో కలిసినప్పుడు జిగురువంటి ఒక పదార్థం ఏర్పడి, ఇసుకనూ కంకరనూ పట్టి బంధిస్తుంది. దానితోపాటు కాల్షియం హైడ్రాక్సైడు, అనగా తడి సున్నం, పుడుతుంది. ఈ చర్య మొదట వేగంగానూ, తరువాత మెల్లగానూ నెలల తరబడి జరుగుతుంది. అది జరుగుతున్నంత కాలం నీరు కావాలి. స్లాబు మీద మడులు కట్టి నీరు నిలపడం, గోడలను పూటపూటా తడపడం ఇందుకే. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిపిన సిమెంటులకూ, ఎండకాలంలోనూ 10 రోజులు తడపాలని భారతీయ ప్రమాణాలు చెబుతున్నవి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడాలి. 50 కిలోల సిమెంటు బస్తాకు సుమారు 25 లీటర్ల నీరు కలుపుతారు. రసాయనికంగా సిమెంటులో కలిసిపోయేది దాని బరువులో నాలుగవ వంతుకు లోపు, అనగా పదకొండున్నర లీటర్లు. మిగిలిన నీరు మేస్త్రి తాపీకి పని సులభం కావడానికి కలిపినది. ఒక చిన్న ఇంటికి 400 బస్తాలు పట్టినవనుకొంటే కలిపిన నీరు 10,000 లీటర్లు, సంయోగంలో ఇమిడిపోయినది సుమారు 4,600 లీటర్లు. మిగిలిన 5,400 లీటర్లలో కొంత సూక్ష్మరంధ్రాలలో ఎప్పటికీ ఉండిపోతుంది. తక్కినదంతా గాలిలోనికి పోవలసినదే. తడపడానికి పోసిన నీరు ఈ లెక్కలో చేరలేదు. ఇటుకలు తాగిన నీరూ చేరలేదు. విద్యార్థులు ఒక ఎండిన ఇటుకను తూచి, ఒక రోజు నీటిలో నానబెట్టి మళ్ళీ తూస్తే ఒక్కొక్క ఇటుక ఎంత నీరు దాచుకొంటుందో వారికే తెలుస్తుంది. మూడు కిలోల ఇటుక నాలుగు వందల గ్రాముల నీటిని అవలీలగా పీల్చుకొంటుంది.

ఈ నీరంతా ఎట్లా పోతుంది? 30 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఒక ఘనమీటరు గాలి దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే భరించగలదు. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గల గదిలో 48 ఘనమీటర్ల గాలి పడుతుంది. కనుక ఆ గాలి ఎంత పొడిగా ఉన్నా ఒకసారికి ఒకటిన్నర లీటరుకు మించి నీటిని మోయలేదు. తలుపులు మూసిన కొత్త గదిలో ఈ హద్దు వచ్చిన తరువాత గోడ ఆరడం ఆగిపోతుంది. కిటికీలు తీసి ఉంటే నిండిన గాలి బయటికి పోయి కొత్త గాలి వస్తుంది. మాఘ ఫాల్గుణాలలో మధ్యాహ్నపు గాలి సగం ఆవిరితోనే ఉంటుంది కనుక ఆ గదినుండి ఒక్కొక్క మారు ముప్పాతిక లీటరు దాకా మోసుకొని పోగలదు. శ్రావణంలో తొంభై పాళ్ళు నిండి వచ్చే గాలి అదే గదినుండి నూట యాభై గ్రాములు కూడా మోయలేదు. అంటే అయిదు రెట్లు ఆలస్యం. ఆషాఢం రాకముందే గృహప్రవేశం ముగించాలని జ్యేష్ఠంలో హడావిడిగా పూత పూయించే ఇల్లు, ఆరడానికి అన్నిటికంటె చెడ్డ కాలంలో పడుతుంది. కాంక్రీటుకు అంగుళం మందానికి ఒక నెల అనే మోటు లెక్క ఇంజనీర్లలో వాడుకలో ఉన్నది. అయిదు అంగుళాల స్లాబు పైనుండీ క్రిందనుండీ ఆరినా రెండు నెలలు దాటుతుందన్నమాట. అది కూడా పొడిగాలి తగిలితేనే.

గోడ ఆరినదో లేదో చేతితో తాకి చెప్పడం కష్టం. పైపొర ముందుగా ఆరుతుంది. రెండడుగుల ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు పరచి, నాలుగు అంచులూ అంటు పట్టీతో గాలి చొరకుండా అతికించి ఒక రోజు ఉంచాలి. మరునాడు కాగితం లోపలి వైపున నీటి చుక్కలు కనిపించినా, దాని క్రింద గోడ రంగు ముదిరినా నీరు ఇంకా బయటికి వస్తున్నట్లే. అటువంటి గోడకు గాలి చొరని నూనె రంగు పూస్తే లోపలి తడి బొబ్బలుగా లేస్తుంది. తడిగోడ మీద బూజు పెరుగుతుంది. చెమ్మ, బూజు గల ఇళ్ళలో ఉబ్బసం వంటి శ్వాసబాధలు హెచ్చుగా ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన గ్రంథంలో స్పష్టంగా చెప్పింది.

బిడ్డ విషయం వేరుగా ఎంచవలసిన కారణం ఇక్కడనే ఉన్నది. పెద్దవారు నిమిషానికి 12 నుండి 20 సార్లు ఊపిరి తీస్తే, పురిటి బిడ్డ 30 నుండి 60 సార్లు తీస్తుంది. శరీరపు బరువుతో పోల్చి చూస్తే బిడ్డ పీల్చే గాలి పెద్దవారికంటె సుమారు రెండింతలు. పైగా ఊపిరితిత్తులలోని వాయుకోశాలలో అధికభాగం పుట్టిన తరువాతనే ఏర్పడతాయి. పెద్దవారు సాయంకాలం ఇంటికి వచ్చి, ఉదయం వెళ్ళిపోతారు. చంటిబిడ్డ రాత్రింబగళ్ళు అదే గదిలో, నేలకు దగ్గరగా ఉంటుంది. ఇల్లు ఇంకా తయారవుతున్నట్లే ఊపిరితిత్తులు కూడా తయారవుతూ ఉంటాయి.

దుమ్ము సంగతి గృహిణులకు చెప్పనవసరం లేదు. కాని కంటికి కనిపించే దుమ్ము అంత ప్రమాదకరమైనది కాదు. అది ముక్కులోనే ఆగి తుమ్ములతో బయటపడుతుంది. గ్రానైటు పలకలను, టైల్సును పొడి రంపంతో కోసినప్పుడు లేచే అతి సన్నని ధూళి గంటల తరబడి గాలిలో తేలి ఊపిరితిత్తుల అడుగువరకు పోతుంది. గ్రానైటులో అయిదవ వంతుకు పైగా క్వార్ట్జ్, అనగా ఇసుకలో ఉండే సిలికా, ఉంటుంది. రంపం మీద నీరు జారవిడుస్తూ కోస్తే ధూళి చాలావరకు బురదగా మారి క్రింద పడుతుంది. ఇది ఖర్చు లేని పని. పొడి చీపురుతో ఊడ్చడం కంటె తడిగుడ్డతో తుడవడం మేలు.

కొత్త గోడలోని సున్నపు గుణాన్ని తరగతి గదిలో చూపవచ్చును. ప్రయోగశాలలోని ఫినాల్ఫ్తలీన్ ద్రావణాన్ని ఈ మధ్యనే గట్టిపడిన సిమెంటు ముక్క మీద వేస్తే ముదురు గులాబీ రంగు వస్తుంది. ఏండ్లనాటి గచ్చు పెచ్చు పైపొర మీద వేస్తే రంగు రాదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు అక్కడి క్షారాన్ని సున్నపురాయిగా మార్చివేసినది. తడి సిమెంటు క్షారబలం పి.హెచ్. 12కు పైన ఉంటుంది. పని చేసేవారి చేతులు పగలడం, పుండ్లు పడడం దీనివలననే. కంటిలో పడిన సున్నమూ సిమెంటూ మరీ ప్రమాదకరం. క్షారం కంటిపొరలను కరగించుకొంటూ లోపలికి పోతుంది. అట్లా జరిగితే కన్ను నలపక, నూనె మొదలైనవి వేయక, ఆ క్షణమే శుభ్రమైన నీటి ధారతో ఇరవై నిమిషాలకు తక్కువ కాకుండా కడిగి ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి.

రంగుల విషయంలో ఒక పాత చరిత్ర చెప్పుకోవలసి ఉన్నది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు రాష్ట్రంలో పందొమ్మిదవ శతాబ్దం చివర పిల్లలు కొందరు కడుపు నొప్పితో, చచ్చుబడిన చేతులతో, చూపు మందగించి వైద్యుల వద్దకు వచ్చేవారు. అవి సీసపు విషం లక్షణాలు. కాని సీసం పని చేయని పిల్లలకు అది ఎక్కడిది? బ్రిస్బేన్ నగరపు కంటి వైద్యుడు లాక్‌హార్ట్ గిబ్సన్ 1904లో సమాధానం ప్రకటించాడు. అక్కడి కొయ్య ఇళ్ళ వరండా కమ్ములకు తెల్లసీసపు రంగు వేసేవారు. ఎండకు అది పొడిపొడిగా రాలేది. పిల్లలు కమ్ములు పట్టుకొని ఆడి, ఆ చేతులను నోటిలో పెట్టుకొనేవారు. ఈ మాటను చాలామంది వెంటనే నమ్మలేదు. చివరకు 1922లో అక్కడి ప్రభుత్వం పిల్లల చేతికందే మేర సీసపు రంగులు వేయరాదని శాసించింది. అమెరికా సంయుక్త రాష్ట్రాలు ఇళ్ళ రంగులలో సీసాన్ని నిషేధించినది 1978లో. భారత ప్రభుత్వం 2016లో నియమాలు చేసి, ఇళ్ళకు వాడే రంగులలో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని 2017 నవంబరు నుండి అమలులో పెట్టింది.

పెద్దవారు మింగిన సీసంలో పదవ వంతు మాత్రమే రక్తంలో చేరితే, పసిపిల్లలలో దాదాపు సగం చేరుతుంది. శరీరం సీసాన్ని కాల్షియంగా పొరబడి ఎముకలలో దాచుకొంటుంది. ఎదిగే మెదడుకు అది చేటు. ఇంతవరకైతే హాని లేదని చెప్పగల పరిమాణం ఏదీ కనిపించలేదు. కొత్త రంగు కొనేటప్పుడు డబ్బా మీది ముద్ర చూస్తే సరిపోతుంది. అసలు చిక్కు పాత కలపతో వస్తుంది. తాతలనాటి టేకు ద్వారబంధాలను, తలుపులను కొత్త ఇంటికి బిగించడం తెలుగువారిలో ఉన్న మంచి అలవాటే. కాని వాటి మీది పాత రంగు పొరలలో సీసం ఉండే అవకాశం హెచ్చు. వాటిని గరుకు కాగితంతో పొడిగా రుద్దడం, మంటతో కాల్చడం కూడదు. తడిపి గీకి, పొట్టును ఏరి కట్టి, బిడ్డ రాకముందే, ఇంటికి దూరంగా ముగించాలి.

ప్లైవుడ్డు బీరువాల వాసన సంగతి కొద్దిగా చెప్పితే చాలు. పలకలను అతికించే జిగురులోని ఫార్మాల్డిహైడు వేడికీ తేమకూ హెచ్చుగా వెలువడి, నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. తలుపులు తెరిచి ఉంచడమే దానికి మందు.

ఇల్లు కట్టే చోట నీటివలన ఇంకొక చిక్కున్నది. స్లాబు మీది మడులలో 7 నుండి 10 రోజులు నీరు నిలుపుతారని పైన చెప్పబడినది. దోమ గ్రుడ్డునుండి ఎగిరే దోమ కావడానికి పట్టే కాలం కూడా దాదాపు అంతే. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ సికిందరాబాదులో 1897 ఆగస్టు 20న కనుగొన్నాడు. పట్టణాలలో మలేరియాను మోసే దోమలూ, డెంగీని మోసే దోమలూ తొట్లలో, సంపులలో, ఇటువంటి మడులలో పెరుగుతాయి. నాలుగవ రోజున పాత నీటిని ఎండిన నేల మీదికి ఊడ్చివేసి వెంటనే కొత్త నీరు పెడితే కాంక్రీటుకూ లోటు రాదు, పురుగులూ చస్తాయి. డెంగీ దోమ పగలు కుడుతుంది కనుక ఉయ్యాలకు పగటిపూట కూడా తెర కట్టాలి. దోగాడే బిడ్డకు తల బరువు. బకెట్టులోనికి వంగితే తలక్రిందుగా పడి తిరిగి లేవలేదు. సంపుకు మూత బిగించని ఇంటికి మిగిలిన సింగారాలెన్ని చేసినా పని పూర్తి అయినట్లు కాదు.

పాలు పొంగించి మూడు నిద్రలు చేయడం వేరు, కాపురం పెట్టడం వేరు. మంచి ముహూర్తాన మొదటిది జరిపి, పెద్దలే ఆ నిద్రలు చేసి, గోడలు ఆరేవరకు తల్లీబిడ్డలను అమ్మమ్మ ఇంటనే ఉంచితే ఆచారానికీ భంగం లేదు.

అయితే అమ్మమ్మ ఇంటికి పోలేని బిడ్డ ఒకడు ఆ ఇంటి దగ్గరనే ఉంటాడు. తట్టలు మోసే కూలి స్త్రీ తన పసివాణ్ణి చీర ఉయ్యాలలో వేసి, సెంట్రింగు గుంజకో చెట్టుకొమ్మకో కట్టి పని చేస్తుంది. కోత రంపం ధూళీ, సున్నం, మడుల దోమలూ ముందుగా వాడికే తగులుతాయి. 1996లో చేసిన నిర్మాణ కార్మికుల చట్టం యాభైమందికి పైగా స్త్రీలు పని చేసేచోట పిల్లలకు గది ఏర్పరచాలని నిర్దేశించింది. ఒక కుటుంబం కట్టుకొనే ఇంటి దగ్గర స్త్రీలు ఇద్దరో ముగ్గురో ఉంటారు కనుక ఆ నియమం అక్కడికి చేరలేదు. ఆ ఉయ్యాలను గాలి వచ్చే వైపుకు, రంపానికి దూరంగా మార్చి కట్టించడం ఇంటి యజమాని చేతిలోని పని. తల్లి బిడ్డకు పాలిచ్చే ముందు సిమెంటు చేతులు కడుక్కొనడానికి ఒక బిందెడు మంచినీరు, ఒక సబ్బు, ఒక పొడిగుడ్డ అక్కడ ఉంచాలి.